ఒళ్ళో కూర్చునే పిల్లి కావాలంటే

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల రీత్యా చెన్నై వచ్చి, పెరంబూరులో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాం. నేనూ మావారూ ఉదయం వెళితే రాత్రికే వస్తాం. మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు. మా పాపకు 8 ఏళ్ళు. పిల్లిని పెంచుకుందామని ఏడాదిగా అడుగుతోంది. "ఒళ్ళో కూర్చునే పిల్లి అయితేనే కావాలి, మంచం కింద ఉండే పిల్లి వద్దు" అంటుంది. రెండేళ్ళ కిందట ఎవరో ఇస్తే ఒక పిల్లికూనను తెచ్చాం. అది మంచం కింద నుంచి బయటికి రాదు, చెయ్యి చాపితే రక్కుతుంది. చివరికి ఊళ్ళో బంధువుల పెరటికి పంపేశాం. పాప మాటకు కారణం అదే. ఇప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. పెట్ షాపులో 45 రోజుల తెల్లటి పర్షియన్ కూన ఉంది, నీలికళ్ళు. ఈ జాతి దూదిబొమ్మలా ఒళ్ళోనే పడి ఉంటుందని షాపువాళ్ళు చెప్పారు. మా మెట్ల కింద వీధిపిల్లి పెట్టిన మూడు కూనలున్నాయి, నెలన్నర వయసుండవచ్చు, దగ్గరికి వెళితే బుస్సుమంటాయి. ఇక వేలచేరిలో మావారి సహోద్యోగి కుటుంబం విదేశం వెళ్ళిపోతూ తమ పిల్లిని ఎవరికైనా ఇవ్వాలని చూస్తోంది. రెండున్నరేళ్ళ ఆడపిల్లి, మామూలు చారల నాటుపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. అంత పెద్ద పిల్లి మనకు మాలిమి అవుతుందా అని నా అనుమానం. పిల్లి ఇంటిని అంటిపెట్టుకుంటుంది గాని మనుషులను కాదంటారు కదా. పైగా మాది శాకాహార కుటుంబం, శ్రీవైష్ణవులం. పిల్లి ఎదురొస్తే మా అత్తగారు బయల్దేరిన పని మానుకుంటారు. ఏది తెచ్చుకోమంటారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: అమ్మా, వేలచేరి పిల్లిని తెచ్చుకోండి. వెళ్ళి ఒకటికి రెండుసార్లు చూసి, నేను చెప్పబోయే గుర్తులు కనిపిస్తేనే తెచ్చుకోండి గాని, మొదటి మొగ్గు మాత్రం దానివైపే ఉండాలని నా అభిప్రాయం. ఏ పిల్లికూన అయినా ముద్దుగానే ఉంటుంది. అది పెరిగాక మనుషులతో ఎలా ఉంటుందో ఆ ముద్దులో కనిపించదు. రెండున్నరేళ్ళ పిల్లి స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. మీ పాప అడుగుతున్నది ఒక స్వభావాన్ని గనుక, ఆ స్వభావం కంటికి కనిపించే చోటే వెతకడం మంచిది.

ముందుగా రెండేళ్ళ కిందటి కూన సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలిన లెక్కంతా అక్కడే ఉంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు పిల్లికూన తన లోకంలో ఎవరెవరు ఉంటారో నేర్చుకుంటుంది. ఆ వారాల్లో మనుషుల వాసన, మాట, చేతి వెచ్చదనం తెలిసిన కూనకు మనిషి తనవాడవుతాడు. తెలియని కూనకు మనిషి పెద్ద జంతువుగానే మిగిలిపోతాడు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980ల నాటి ప్రయోగాల్లో దీన్ని పరీక్షించి చూశారు. కొన్ని కూనలను మూడో వారం నుంచి, కొన్నిటిని ఏడో వారం నుంచి రోజూ చేతుల్లోకి తీసుకుని నిమిరారు, కొన్నిటిని అసలు ముట్టుకోలేదు. మూడో వారం నుంచి చేతుల్లో పెరిగినవి మనిషి దగ్గరికి త్వరగా వచ్చాయి, పట్టుకుంటే ఎక్కువసేపు ఒదిగి ఉన్నాయి. ఏడో వారంలో మొదలుపెట్టినవి వాటికంటే బాగా వెనకబడ్డాయి. రోజుకు 15 నిమిషాలు నిమిరిన వాటికంటే 40 నిమిషాలు నిమిరినవి ఇంకా మాలిమి అయ్యాయి. మీ ఇంటికి వచ్చిన కూన ఎక్కడ పుట్టిందో, ఎన్నో వారంలో వచ్చిందో మీరు రాయలేదు. కాని మీరు చెప్పిన తీరు చూస్తే దానికి ఆ వారాలు మనుషులు లేకుండానే గడిచిపోయాయని నాకు గట్టిగా అనిపిస్తోంది. అలాంటి కూనను మంచం కింద నుంచి లాగే కొద్దీ దాని భయం నిజమవుతుంది.

పెంపకంతో పాటు పుట్టుకకూ వాటా ఉంది. 1995లో సాండ్రా మెక్‌క్యూన్ ప్రచురించిన అధ్యయనంలో, మనుషులతో చనువుగా ఉండే గండుపిల్లికి పుట్టిన కూనలు, బెదురు గండుపిల్లికి పుట్టిన కూనల కంటే మనుషుల దగ్గరికి ధైర్యంగా వచ్చాయి, కొత్త వస్తువులను కూడా ముందుగా వెళ్ళి చూశాయి. గండుపిల్లి కూనలను పెంచదు గనుక దీన్ని తండ్రిని చూసి నేర్చుకున్న గుణం అనడానికి లేదు. చెన్నై వీధుల్లో తండ్రి ఎవరో తేల్చడం అయ్యే పని కాదు, అయినా ఈ విషయం ఎందుకు చెబుతున్నానంటే, ఎంత ప్రేమగా పెంచినా కొన్ని పిల్లులు బెదురుగానే ఉంటాయి, అందులో పెంచినవారి లోపం ఏమీ ఉండదు.

ఇప్పుడు షాపులోని పర్షియన్ కూన. జాతికి స్వభావానికి సంబంధం లేదని నేను అనను. హెల్సింకీ విశ్వవిద్యాలయం వారు 2019లో వేల పిల్లుల యజమానుల జవాబులను విశ్లేషించినప్పుడు జాతికీ జాతికీ తేడాలు స్పష్టంగానే కనిపించాయి. ఉదాహరణకు బ్రిటిష్ షార్ట్‌హెయిర్ పిల్లులు మనుషులను తక్కువగా చేరాయి. పర్షియన్ సాధారణంగా నెమ్మదైన పిల్లే. అయితే నెమ్మది వేరు, చనువు వేరు. కదలకుండా కూర్చునే పిల్లి మీ ఒళ్ళోనే కూర్చోవాలని నియమం లేదు, చల్లగా ఉందని స్నానాలగది గచ్చు మీద కూడా కూర్చోవచ్చు. చెన్నై ఎండల్లో అక్కడే ఎక్కువగా కూర్చుంటుంది కూడా. పైగా మన బజారులో పర్షియన్ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి వంశావళి కాగితాలు ఉండవు. పొడుగు బొచ్చు కనిపిస్తే ఆ పేరు పెట్టేస్తారు.

ఆ కూన విషయంలో నన్ను ఆపుతున్నది ముఖ్యంగా దాని వయసు. 45 రోజులంటే ఆరున్నర వారాలు. ఆ సమయానికి అది తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండి, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పి పుడుతుందో నేర్చుకుంటూ ఉండాలి. హెల్సింకీ వారి 2017 నాటి మరో అధ్యయనంలో, 8 వారాలు నిండకుండా తల్లి నుంచి వేరుచేసిన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా కనిపించింది, 14 వారాల దాకా తల్లి దగ్గరే ఉన్నవాటిలో ఇబ్బందులు తక్కువగా ఉన్నాయి. పిల్లలకు ముద్దొచ్చే వయసు గనుక షాపులు ఆరేడు వారాలకే అమ్మేస్తుంటాయి. ఆ కూన తన విలువైన వారాలను ఎవరి చేతుల్లో గడిపింది, బోనులోనా, ఇంట్లోనా అని అడిగి చూడండి. తల్లిని చూపించమనండి. చూపించలేకపోతే అక్కడే ఆగిపోవచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పెట్ షాపుల నిబంధనల ప్రకారం అలాంటి దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది కూడా అడగండి.

నీలికళ్ళు చూసి ముచ్చటపడినట్టున్నారు. ఆ వయసులో దాదాపు ప్రతి పిల్లికూనకూ నీలికళ్ళే ఉంటాయి. ఆరేడు వారాలు దాటాక రంగు మారడం మొదలై, మూడు నెలలకు గాని అసలు రంగు బయటపడదు. ఒకవేళ అది పెరిగాక కూడా ఒళ్ళంతా తెలుపుగా, రెండు కళ్ళూ నీలంగానే ఉంటే, చెవుడు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి పిల్లుల్లో సగానికి పైగా పుట్టుచెవిటివే. చెవిటి పిల్లి కూడా ప్రేమగానే ఉంటుంది, కాని పాప వెనక నుంచి వచ్చి ఎత్తుకుంటే ఉలిక్కిపడి రక్కవచ్చు. ఇక పొడుగు బొచ్చుకు రోజూ దువ్వెన తప్పదు. నాలుగు రోజులు మానేస్తే చంకల్లో, తొడల దగ్గర బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. దాంతో ముట్టుకుంటేనే నొప్పి అనే అభిప్రాయం పిల్లికి ఏర్పడుతుంది. చెన్నై ఉక్కపోతలో ఆ బొచ్చు కింద తామర పట్టడం మామూలు, అది పాపకూ అంటుకుంటుంది. మొహం మరీ చప్పిడిగా ఉన్న రకానికైతే కన్నీటి నాళం సరిగా పారక కళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటాయి, ఊపిరి కూడా ఇబ్బందే. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఉన్నా పిల్లల్లో సగానికి వచ్చే అవకాశం ఉంటుంది. దీనికి జన్యుపరీక్ష ఉంది, అమ్మేవాళ్ళు చేయించారా అని అడిగితే వచ్చే జవాబు మీరే ఊహించగలరు. పగలంతా ఇంట్లో ఉండని మీ ఇద్దరికీ ఈ జాతి సరిపడదని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

రంగును బట్టి స్వభావం చెప్పేవాళ్ళు మీకు చాలామంది తారసపడతారు. నారింజ రంగు పిల్లి కలుపుగోలుగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. ఆ రంగు పిల్లుల్లో సుమారు 80 శాతం మగవి, ఎందుకంటే ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది; మగదానికి ఆ క్రోమోజోము ఒక్కటే గనుక ఒక్క జన్యువు చాలు, ఆడదానికి రెండిటి మీదా ఉండాలి. కాబట్టి రంగుకు దక్కిన ఆ మంచిపేరులో కొంత ఆపరేషన్ అయిన మగపిల్లులది కావచ్చు. ఆడా మగా అన్న ప్రశ్న కూడా ఆపరేషన్ తరవాత పెద్దగా మిగలదు.

మెట్ల కింది కూనల విషయం అంత తేలికగా తోసెయ్యలేను. మీరు ఉత్తరం రాసేనాటికి వాటికి నెలన్నర అయితే, ఈ సమాధానం మీ చేతికి అందేసరికి రెండు నెలలు దాటిపోతాయి, అంటే మొదటి గడువు ముగిసినట్టే. అలాగని తలుపులు పూర్తిగా మూసుకుపోవు. తొమ్మిది పది వారాల కూనను కూడా ఓపికగా మచ్చిక చేసుకున్నవారు చాలామంది ఉన్నారు. అయితే అది పెద్దవాళ్ళు నెలల తరబడి చెయ్యాల్సిన పని, దాని ఫలితం ఎలా ఉంటుందో ముందుగా ఎవరూ మాట ఇవ్వలేరు. ఒకసారి మంచం కింది పిల్లితో నిరాశపడిన పాపకు రెండోసారి అదే పందెం పెట్టడం నాకు ఇష్టం లేదు. బుస్సుమనడాన్ని కోపం అనుకోకండి, అది భయం. మూడింటిలో ఏదైనా ఒకటి బుస్సుమంటూనే చెంచా చివర పెట్టిన తిండి కోసం మీ చేతిదాకా వస్తే, ఆ కూన మీద ఆశ పెట్టుకోవచ్చు. తీసుకుంటే జంటగా తీసుకోండి. ఒకదాన్ని చూసి ఒకటి ధైర్యం తెచ్చుకుంటాయి, మీరు లేని పగటిపూట ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి. తీసుకున్నా తీసుకోకపోయినా ఒక పని చెయ్యండి. తల్లిపిల్లికి ఆపరేషన్ చేయించకపోతే కొన్ని నెలల్లోనే అదే మెట్ల కింద మరో కాన్పు చూస్తారు. గిండిలోని బ్లూ క్రాస్ జంతు సంక్షేమ సంస్థ వాళ్ళను గాని, వేపేరిలో 1903 నాటి మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రిని గాని అడిగితే దారి చెబుతారు. మీ పెరంబూరుకు వేపేరి దగ్గరే.

ఇక వేలచేరి. ఇచ్చేవాళ్ళను "ఒళ్ళో కూర్చుంటుందా?" అని అడగకండి. వాళ్ళు ప్రయాణం పెట్టుకుని పిల్లికి ఇల్లు వెతుకుతున్నారు, అవునని తప్ప ఇంకేం చెబుతారు? జవాబులో నిజం తనంతట తానే బయటపడే ప్రశ్నలు అడగండి. ఇంటికి చుట్టాలొస్తే పిల్లి ఎక్కడుంటుంది? గోళ్ళు ఎవరు కత్తిరిస్తారు, ఎలా? చివరిసారి ఎవరిని రక్కింది, ఏం చేస్తుంటే? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, లేకపోతే వచ్చే పిల్లలతో ఎలా ఉంటుంది? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? "చుట్టాలొస్తే కాసేపు సోఫా వెనక్కి వెళ్ళి, తరవాత వచ్చి సంచులు వాసన చూస్తుంది" అని చెబితే అది ఆరోగ్యమైన జవాబు. "వాళ్ళు వెళ్ళేదాకా అలమారా మీద నుంచి దిగదు" అంటే ఆలోచించుకోండి.

మొదటిసారి పాపను తీసుకెళ్ళకండి. వెళ్ళాక పిల్లిని ఎత్తి మీ చేతికి ఇవ్వబోతారు, వద్దనండి. కుర్చీ వదిలేసి నేల మీద కూర్చోండి, పిల్లి ఉన్న దిక్కుకు కొంచెం పక్కగా తిరిగి, దాని వైపు తేరిపార చూడకుండా ఇంటివాళ్ళతో మాట్లాడుతూ ఉండండి. తేరిపార చూడడం పిల్లి భాషలో కయ్యానికి పిలవడం. కొంతసేపటికి అది మీ వైపు కదిలితే తోక చూడండి. తోక నిట్టనిలువుగా లేచి, కొస కొంచెం వంగి ఉంటే అది పలకరింపు. అప్పుడు చూపుడువేలు ఒక్కటి చాపి దాని ముక్కు ఎత్తులో కదలకుండా పెట్టండి. దగ్గరికి వచ్చి వాసన చూసి, తల కొంచెం తిప్పి, మూతి కొస నుంచి చెంప మీదుగా మీ వేలికి రాసుకుంటే, అనుమతి వచ్చినట్టు. గడ్డం కింద, చెవుల ముందు, చెంపల మీద మూడు నాలుగు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యండి. ఇక్కడ తొందరపడకండి. చెయ్యి తీసేశాక పిల్లి తలతో మీ చేతిని వెతుక్కుంటూ ముందుకు తోసుకొస్తే, అది మీ పాప అడిగిన పిల్లి. అక్కడే కూర్చుని ఊరుకుంటే అదీ మంచిదే, ఇంకోసారి వెళ్ళి చూడండి. తోక కొసను టపటపా కొట్టడం, చెవులు పక్కలకు వాలడం, వీపు మీద చర్మం అల అలగా వణకడం కనిపిస్తే చాలించమని చెప్పినట్టు. తోక మొదట్లో నిమరడం చాలా పిల్లులకు ఇష్టం ఉండదు. అక్కడ నిమిరితే రక్కిందని ఆ పిల్లికి చెడ్డపేరు పెట్టకండి. పొట్ట చూపిస్తూ వెల్లకిలా పడుకుంటే అది నమ్మకానికి గుర్తే, పొట్ట మీద చెయ్యి వెయ్యమన్న ఆహ్వానం మాత్రం కాదు. దాని వైపు చూస్తూ కళ్ళు మెల్లగా సగం మూసి తెరవండి. అది కూడా అలాగే చేస్తే మీ పరిచయం బాగా సాగుతున్నట్టు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో ఈ సంగతిని పరీక్షించి, అలా కళ్ళార్పిన కొత్త మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయని తేల్చారు.

పిల్లి ఇంటినే అంటిపెట్టుకుంటుందన్న మీ అనుమానానికి వస్తాను. పిల్లికి చోటు ముఖ్యమన్న మాట నిజమే, చోటు మారితే బెంబేలు పడుతుంది. దాన్నుంచి మనుషులు అక్కర్లేదన్న అర్థం తీయడం తప్పు. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ విటాలీ బృందం 2019లో ఒక ప్రయోగం చేసింది: పిల్లినీ యజమానినీ ఒక కొత్త గదిలో ఉంచి, యజమాని రెండు నిమిషాలు బయటికి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు పిల్లి ఏం చేస్తుందో చూశారు. సుమారు 64 శాతం కూనలు, 66 శాతం పెద్ద పిల్లులు యజమానిని పలకరించి, నెమ్మదించి, మళ్ళీ గదిని చూడడంలో పడ్డాయి. పసిపిల్లలు తల్లి విషయంలో చేసేది కూడా ఇదే. ఒక మనిషితో ఇలా మెలగడం నేర్చిన పిల్లి ఇంకో మనిషితో కూడా నేర్చుకుంటుంది, కాకపోతే వ్యవధి కావాలి. తెచ్చిన రోజు ఇల్లంతా తిప్పి చూపించకండి. ఒక చిన్న గది ఇవ్వండి, అందులో ఇసుకతొట్టి ఒక మూల, తిండీ నీళ్ళూ దానికి దూరంగా మరో మూల, దూరి కూర్చోడానికి ఒక అట్టపెట్టె. మంచం కింద సందు ఉంటే ముందే సంచులతో మూసెయ్యండి, అట్టపెట్టె మాత్రం ఉంచండి. దాక్కునే హక్కు దానికి ఉండాలి, మీకు దాని మొహం కనిపించే చోట ఉండాలి. వారమో రెండు వారాలో పోయాక, అది తలుపు దగ్గరికి వచ్చి అరిచినప్పుడు మిగిలిన ఇల్లు తెరవండి.

పాపకు అప్పగించాల్సిన పని ఒకటుంది. రోజూ సాయంత్రం ఆ గదిలో నేల మీద కూర్చుని తన పాఠం బయటికి చదవాలి, పిల్లి వచ్చినా రాకపోయినా. జ్యూరిచ్‌లో డెన్నిస్ టర్నర్ ఇళ్ళల్లో పిల్లులను గమనించి చెప్పినదేమిటంటే, మనిషి మొదలుపెట్టిన ముద్దు కంటే పిల్లి మొదలుపెట్టిన ముద్దు ఎక్కువసేపు సాగుతుంది. పిల్లి ఒళ్ళో ఎక్కాక పాప చేతులు దాని చుట్టూ బిగించకూడదు. దిగిపోతానంటే దిగనివ్వాలి; దిగనిచ్చిన ఒళ్ళోకే అది మళ్ళీ వస్తుంది. నాకు ఎనిమిదేళ్ళ పిల్లల మీద నమ్మకం ఎక్కువ. అయిదేళ్ళ వాళ్ళకు చేతులు ఆగవు గాని, ఎనిమిదేళ్ళవాళ్ళు ఈ నియమం పెద్దవాళ్ళ కంటే శ్రద్ధగా పాటిస్తారు. ఇంకొకటి కూడా పాపకు ముందే చెప్పండి: కొన్ని పిల్లులు ఒళ్ళో కాకుండా తొడ పక్కన ఆనుకుని పడుకుంటాయి, మే నెలలో ఒళ్ళంటే గిట్టని పిల్లి డిసెంబరులో తనే ఎక్కుతుంది.

మీ అత్తగారి సంగతికి వద్దాం. పిల్లి విషయంలో శాకాహారం కుదరదని ఆవిడకు దాచకుండా చెప్పడం మర్యాద. టారిన్ అనే పోషకం దానికి తిండి ద్వారానే చాలినంత అందాలి, అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. అన్నం, పప్పు, పెరుగుల్లో దానికి సరిపడా దొరకదు. అది కొరవడితే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె సంగతి 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు బయటపెట్టారు. పెరుగన్నం ఇష్టంగా తినే పిల్లులు ఉన్నాయి, అది వాటికి రుచి మాత్రమే. పెద్ద పిల్లులు చాలావాటికి ఆవుపాలు అరగవు, విరేచనాలు అవుతాయి. పరిష్కారం ఏమిటంటే, వంటింట్లో మాంసం వండనక్కర్లేకుండా, పిల్లుల కోసం తయారుచేసిన పొడి ఆహారపు సంచీ, దాని గిన్నె, చెంచా అన్నీ బట్టలుతికే బాల్కనీ వైపు విడిగా పెట్టుకోవడం, ఆ పని పూర్తిగా మీరో మీవారో చూసుకోవడం. ఇంత చెప్పాక కూడా ఆవిడ వద్దంటే పిల్లిని తేవద్దు. పగలంతా దానితో ఉండేది ఆవిడే గనుక ఆవిడ ఇష్టం లేకుండా తెచ్చిన పిల్లి సుఖపడదు.

ఎదురు రావడం విషయంలో నేను వాదించను, ఇంట్లోనే ఉండే పిల్లి రోజుకు పాతికసార్లు ఎదురొస్తుంది గనుక శకునం లెక్క దానంతట అదే తప్పిపోతుంది. శ్రీవైష్ణవుల్లోని రెండు శాఖల్లో ఆవిడ తెంగలై సంప్రదాయంలో వారైతే మార్జాల కిశోర న్యాయం ఆవిడకే బాగా తెలుసు: తల్లిపిల్లి నోట కరచుకుని తీసుకెళుతుంటే కూన తన ప్రయత్నమేమీ లేకుండా ఒళ్ళు అప్పగించినట్టు జీవుడు భగవంతుడికి అప్పగించుకోవాలని. రెండో శాఖ వడగలై వారైతే, తల్లిని తానే గట్టిగా పట్టుకుని ఉండే కోతిపిల్ల పోలిక వారిది, నా సిఫారసు అక్కడ పనిచెయ్యదు.

నాలుగో అంతస్తు అన్నారు గనుక పిల్లి రాకముందే బాల్కనీలకు, కిటికీలకు గట్టి వల కట్టించండి. పిల్లి ఎక్కడ నుంచి పడినా కాళ్ళ మీదే పడుతుందన్న ధీమా వద్దు; 1987లో న్యూయార్కు పశువైద్యులు ఎత్తైన భవనాల నుంచి పడిన 132 పిల్లుల గాయాలను గురించి ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. అత్తగారి మందుల డబ్బా మూత గట్టిగా ఉంచండి, పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల ఒంటి పురుగులకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎప్పుడూ వెయ్యకూడదు. దీపావళి ముందు వారంలో మాత్రం తీసుకురాకండి, టపాసుల మోత మధ్య కొత్త ఇంటికి వచ్చిన పిల్లి నెలరోజులు వెనక్కి వెళుతుంది.

వాళ్ళ ప్రయాణం తేదీ కనుక్కుని, దానికి కనీసం మూడు నాలుగు వారాలు ముందుగా పిల్లిని తెచ్చుకోండి; పాపకూ పిల్లికీ పొసగకపోతే తిరిగి ఇచ్చే వీలు ఉంటుంది, ఆ మాట ఇద్దరూ ముందే అనుకోండి. వచ్చేటప్పుడు రేబీస్ టీకాతో సహా అన్నీ రాసి ఉన్న టీకాల పుస్తకం, ఆపరేషన్ చీటీ, ఇప్పుడు తింటున్న తిండి, వాడుతున్న ఇసుక కొంత, అది పడుకునే గుడ్డ అడిగి తెచ్చుకోండి. ఆ గుడ్డను ఉతకకుండా ఇమ్మనండి.